అత్త పోయిన ఇంట్లో కోడలి దుఃఖం: ఒక కేస్ స్టడీ

క్యాన్సర్‌తో మనిషి పోయిన ఇంటికి పరామర్శకు వెళ్లినవాళ్లు ముందు కొడుకును పలకరిస్తారు, తర్వాత కూతుళ్లను పట్టుకొని ఏడుస్తారు. కోడలు ఆ సమయానికి వంటింట్లో వచ్చినవాళ్లకు టీ కాస్తూ ఉంటుంది. మాది పాలియేటివ్ కేర్ బృందం, అంటే ముదిరిన జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించడం మా పని. మేము ఇళ్లకు వెళ్లి చూసే రోగుల్లో చాలామందికి మంచం పక్కన నెలల తరబడి ఉన్నది ఆ కోడలే. ఈ కేసు అలాంటి ఒక కోడలిది. రోగి ఆమె అత్తగారు. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా వయసులు, కొన్ని వివరాలు మార్చాను. బృందంలో డాక్టరు, నర్సు, నేను ఉంటాం. నేను సామాజిక కార్యకర్తను, మందులు రాయను. నా పని ఇంట్లోవాళ్లతో మాట్లాడటం, వాళ్లు చెప్పేది వినడం.

రోగి

పెద్దావిడకు అరవై రెండేళ్లు. శ్రీకాకుళం జిల్లా తీరంలో చేపలవేట కుటుంబం. భర్త పోయి చాలా కాలమైంది. చిన్నతనం నుంచి చుట్ట అలవాటు, అదీ అడ్డపొగ. అంటే నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకొని పీల్చడం. ఉత్తరాంధ్ర తీరంలో పెద్దతరం ఆడవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఎందుకలా అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదట, చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయట, బూడిద చంటిపిల్ల మీద రాలదట. అయితే నిప్పు సెగ, పొగ రెండూ నేరుగా అంగిలికి తగులుతాయి. మామూలుగా పొగ తాగేవారిలో అరుదుగా వచ్చే గట్టి అంగిలి క్యాన్సర్ ఈ ప్రాంతపు ఆడవాళ్లలో ఎక్కువగా కనిపిస్తోందని 1960ల నాటికే విశాఖపట్నం వైద్యులు రాశారు.

ఈవిడ అంగిట్లో పుండును చాలాకాలం పంటి నొప్పి అనుకున్నారు. విశాఖలో ముక్క పరీక్ష చేసేసరికి అది ఎముక దాకా పాకింది. పై దవడలో కొంత భాగం తీసేసి, తర్వాత రేడియేషన్ ఇచ్చారు. ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కింద జరిగింది. దారి ఖర్చులు, గది అద్దె, తోడున్నవాళ్ల తిండి, కొడుకు పోగొట్టుకున్న వేట రోజులు ఏ పథకంలోనూ రావు. వాటికోసం పడవ యజమాని దగ్గర తీసుకున్న బయానా అప్పు ఈ కథంతా నడిచినన్నాళ్లూ వెనక ఉంది. ఏడాది తిరగకముందే జబ్బు తిరగబెట్టింది. మెడలో గడ్డలు వచ్చాయి. ఇక ఆపరేషన్‌కు వీల్లేదని చెప్పి, నొప్పి చూసుకోమని మాకు చీటీ రాసి పంపారు.

మేము వెళ్లేసరికి

ఇంట్లో రోగి, ఇరవై ఎనిమిదేళ్ల కోడలు, ఎనిమిదేళ్ల మనవరాలు ఉన్నారు. కొడుకు ఆగస్టు నుంచి ఏప్రిల్ దాకా గుజరాత్‌లోని వెరావల్ రేవులో బోట్ల మీద పనిచేస్తాడు. ఈ తీరపు ఊళ్లలో అదొక తరతరాల వలస. కూతుళ్లిద్దరికీ పెళ్లిళ్లయ్యాయి. పెద్దామె పక్క మండలంలో, చిన్నామె విశాఖలో ఉంటారు. వారానికో, నెలకో వచ్చి చూసి, ఏడ్చి, ఆపిల్ పళ్లు పెట్టి వెళ్లేవారు. అప్పటికే పెద్దావిడ నోటితో ఏమీ తినలేరు. ముక్కు గొట్టం వేసి ఉంది.

నొప్పి ఆమెను నిద్రపోనివ్వడం లేదు. 1967లో లండన్‌లో చివరి దశ రోగులను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించిన వైద్యురాలు సిసిలీ సాండర్స్, రోగి నొప్పిలో శరీరంతో పాటు మనసు, సంసారం, నమ్మకాలు కూడా కలిసి ఉంటాయని చెప్పారు. తరగతి గదిలో ఆ మాట బాగుంటుంది. ఇంట్లో మాత్రం శరీరపు నొప్పి తగ్గేదాకా మిగతా మూడింటి గురించి ఎవరూ నోరు విప్పరు. క్యాన్సర్ నొప్పికి మెట్లవారీగా మందులు వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో చెప్పింది. పై మెట్టు మీద ఉన్నది మార్ఫిన్, నల్లమందు నుంచి తీసే బలమైన నొప్పి మందు. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తర్వాత ఆ మాత్ర దొరకడమే కష్టమైపోయింది. 2014లో చట్టాన్ని సవరించాక గుర్తింపు పొందిన వైద్యసంస్థలు దాన్ని నిల్వ ఉంచి ఇవ్వడం కొంత సులువైంది. అయినా ప్రతి మాత్రకూ రిజిస్టరులో లెక్క ఉండాలి. వచ్చినదెంత, ఇచ్చినదెంత, మిగిలినదెంత అన్నీ రాయాలి. మా బృందంలో రోగి పోయాక ఇంట్లో మిగిలిన మాత్రలు కూడా వెనక్కి తీసుకొని లెక్కపెడతాం. ఈ విసుగు పుట్టించే రాతపని ఈ కేసులో చివరికి ఎందుకు పనికొచ్చిందో తర్వాత చెబుతాను.

మోతాదు కొద్ది రోజుల్లో కుదురుకుంది. పది మిల్లీగ్రాముల మాత్రలు ఉదయం ఆరుకు, పదికి, మధ్యాహ్నం రెండుకు, సాయంత్రం ఆరుకు రెండేసి. రాత్రి పది గంటలకు మాత్రం నాలుగు. పడుకునేముందు రెట్టింపు ఇస్తే రాత్రి రెండు గంటల మోతాదు కోసం రోగిని లేపనక్కర్లేదు. ఇది మా రంగంలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. మధ్యలో నొప్పి పొడిస్తే అదనంగా రెండు వేయవచ్చు. మలబద్ధకం రాకుండా విరేచనాల మాత్ర తప్పనిసరి. కోడలు పదో తరగతి దాకా చదువుకుంది. గోడకున్న క్యాలెండర్‌లో తేదీ గడిలో ప్రతి మోతాదుకూ పెన్సిల్‌తో ఒక గీత పెట్టేది, అదనంగా వేస్తే సున్నా చుట్టేది. ఆ పద్ధతి మేము చెప్పింది కాదు.

జబ్బు సంగతి అమ్మకు చెప్పవద్దని కొడుకు ఫోనులో వేడుకున్నాడు. ఇది దాదాపు ప్రతి ఇంట్లో వినే మాటే, పోట్లాడాల్సిన పని లేదు. "మీకేమనిపిస్తోందమ్మా?" అని పెద్దావిడను అడిగాను. ఆకాశం వైపు వేలు చూపించి, రెండు చేతులూ జోడించి, కొడుకు ఫొటో వైపు చూసి తల అడ్డంగా ఊపారు. తనకు తెలుసు, వాడికి చెప్పవద్దు. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటున్నారు. ఆ సంగతి ఆవిడ అనుమతితోనే కొడుకుకు చెప్పాను. చివరి పది రోజులు అతను సెలవు పెట్టి రావడానికి అదే కారణమైంది.

మంచం పక్కన

కోడలి రోజు ఉదయం అయిదున్నరకు మాత్రలు పొడి చేయడంతో మొదలయ్యేది. రెండు గంటలకోసారి గంజి, పాలు, వడకట్టిన పప్పుకట్టు సిరంజితో గొట్టంలోకి. నోరు తుడవడం. మెడ పుండు కడిగి, మెట్రోనిడజోల్ మాత్రల పొడి చల్లి గుడ్డ కట్టడం. పుండు వాసన తగ్గడానికి అంత చవకగా పనిచేసేది నాకు మరొకటి తెలియదు. ఒకసారి పుండులో పురుగులు పడ్డాయి. నర్సు వెళ్లి తీసేదాకా ఆ సంగతి ఆడపడుచులకు కూడా చెప్పలేదు. "వాళ్లమ్మ కదా, వాళ్లు తట్టుకోలేరు" అంది.

మెడ గడ్డ పెద్ద రక్తనాళాన్ని ఆనుకొని ఉంది. ఒక్కసారిగా రక్తం పోయే ప్రమాదం ఉన్నప్పుడు మంచం దగ్గర ముదురు రంగు తువ్వాళ్లు ఉంచుకోమని చెబుతాం. తెల్ల గుడ్డ మీద రక్తం చూస్తే రోగికీ, పక్కనున్నవారికీ కలిగే భయం వేరు. ఈ మాట కొడుకుకు ఫోనులో మొదలుపెట్టగానే వినలేనన్నాడు. కోడలు చివరిదాకా వింది. సంతలో రెండు మెరూన్ రంగు తువ్వాళ్లు కొని తెచ్చి తలగడ కింద పెట్టింది. అవి ఎందుకో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ ప్రమాదం జరగలేదు. జరగదని మాత్రం ఆమెకు ఏ రాత్రీ తెలియదు కదా.

అత్తాకోడళ్ల మధ్య అంతకుముందు సఖ్యత లేదు. కట్నం బాకీ గురించి, మొదటి కాన్పులో ఆడపిల్ల పుట్టినందుకు, తర్వాత గర్భం నిలవనందుకు అత్త అన్న మాటలు కోడలికి తేదీలతో సహా గుర్తున్నాయి. ఒక దశలో వేరు కాపురం దాకా వెళ్లింది. జబ్బు వచ్చాక మిగతావాళ్లందరికీ పనులున్నాయి కాబట్టి ఆమె తిరిగి వచ్చింది. "ప్రేమతో చేశానని చెప్పలేను, వంతు నాది అయింది, చేశాను" అని తర్వాత నాతో అంది. చేస్తూ చేస్తూ ఎక్కడో అది మారింది. పెద్దావిడకు మాట పోయాక స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టేవారు. ఒక దెబ్బ నీళ్లకు, రెండు నొప్పికి. ఆగకుండా కొడితే ఏమీ వద్దు, వచ్చి కూర్చోమని. ఆ మూడో సంకేతాన్ని కోడలు కనిపెట్టడానికి కొన్ని రోజులు పట్టింది. కూతుళ్లకు చివరిదాకా తెలియలేదు.

జనవరి మొదట్లో ఒకరోజు నర్సు కట్టు మారుస్తుండగా పెద్దావిడ చెవి కమ్మలు తీసి కోడలి చేతిలో పెట్టారు. నర్సు ఆ సాయంత్రం కేస్ షీట్‌లో రోగి మనస్థితి అన్న చోట ఒక్క వాక్యం రాసింది: కమ్మలు తీసి కోడలి పిడికిట్లో పెట్టి, పైన తన చేత్తో నొక్కారు, కోడలు ఏడ్చింది.

జనవరి చివర్లో, ఒక శనివారం అర్ధరాత్రి దాటాక ఆవిడ పోయారు. అంతకు రెండు రోజుల ముందే పాదాలు చల్లబడ్డాయి, మూత్రం తగ్గింది, శ్వాసకూ శ్వాసకూ మధ్య ఎడం పెరిగింది. కొడుకు అరుగు మీద పడుకొని ఉన్నాడు. రాత్రి పది గంటల నాలుగు మాత్రలూ వేసింది కోడలే, రెండున్నర ప్రాంతంలో ఊపిరి ఆగిందని గమనించిందీ కోడలే.

పెద్దకర్మ తర్వాత

కర్మకాండలు కొడుకు చేశాడు. పదకొండో రోజు భోజనాలయ్యాక అప్పు పిలుస్తుంటే తిరిగి వెరావల్ రైలెక్కాడు. మేలో ఆ ఊరి ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. ఆ ఇంటి కోడలు సరిగా తినడం లేదు, రాత్రిళ్లు లేచి తిరుగుతోంది, అత్త పట్టుకుందని అందరూ అంటున్నారు, ఒకసారి రండి అని.

ఆలోగా ఆమెను నాలుగు చోట్లకు తిప్పారు. గుండె దడ అంటే ఈసీజీ తీయించారు, బాగానే ఉంది. నీరసమంటే సెలైన్ ఎక్కించారు. పుట్టింటివాళ్లు ఒక మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్తే తాయెత్తు కట్టాడు. పట్నంలో ఒకరు నిద్రమాత్రలు ఇచ్చారు, వాటికి పొద్దున మత్తుగా ఉంటోందని మానేసింది. తాయెత్తు తీసేయమని నేను అనలేదు. దానివల్ల ఆమెకు వచ్చిన నష్టమేమీ లేదు, పైగా ఆమె బాధను నిజమని ఒప్పుకున్న మొదటి మనిషి ఆ మంత్రగాడే.

ఆమె చెప్పిన లక్షణాలు ఇవి. రాత్రి రెండు, మూడు మధ్య మెలకువ వస్తుంది. గ్లాసు మీద చెంచా చప్పుడు వినిపిస్తుంది. వంటింట్లో ఉన్నప్పుడు హఠాత్తుగా పుండు వాసన తగులుతుంది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే అత్త తినలేని రోజులు గుర్తొచ్చి మింగుడుపడదు. పిల్ల మీద ఊరికే కోపం వస్తుంది. ఏడుపు మాత్రం రాదు.

చప్పుడు వినిపించడం పిచ్చికి మొదలని ఆమె భయం. 1971లో వేల్స్‌లో ఒక వైద్యుడు భర్తనో భార్యనో కోల్పోయిన దాదాపు మూడు వందల మందిని అడిగితే, సుమారు సగం మంది పోయినవారు కనిపించారనో, వినిపించారనో, పక్కన ఉన్నట్టనిపించిందనో చెప్పారు. వారిలో ఎక్కువమంది ఆ సంగతి అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదు. ఇది ఆమెకు చెప్పినప్పుడు అడిగిన మొదటి ప్రశ్న: "వాళ్లకు కూడా తాయెత్తు కట్టారా?" ఇద్దరం నవ్వాం. నాలుగు నెలల్లో ఆమె నవ్విందని పక్కింటావిడ తర్వాత ఆశా కార్యకర్తతో అందట.

బతకాలని లేదా అని సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్న భయం మన దగ్గర చాలామందికి ఉంది, అది నిజం కాదు. "నిద్రలో పోతే బాగుండనిపిస్తుంది, కానీ పిల్ల ఉంది కదా" అంది. ఉద్దేశం, పథకం ఏమీ లేవు. అయినా ఇంట్లో ప్రమాదకరమైనవి ఏమున్నాయో అడిగి, అప్పుడే వెరావల్ నుంచి వచ్చిన భర్త చేత తీయించాం. ప్రభుత్వ మానసిక సహాయ నంబరు టెలిమానస్ 14416ను ఇద్దరి ఫోన్లలోనూ పెట్టించాం. జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యురాలు చూసి, ప్రస్తుతానికి మందులు అక్కర్లేదని, నెల తర్వాత మళ్లీ చూస్తానని చెప్పారు. దీర్ఘకాలిక దుఃఖాన్ని ఒక రుగ్మతగా గుర్తించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి జబ్బుల జాబితా ఐసీడీ-11 కనీసం ఆరు నెలలు దాటాలంటుంది. అప్పటికి నాలుగే గడిచాయి. పేరు పెట్టే తొందర మాకు లేదు.

పరామర్శకు వచ్చే చదువుకున్న బంధువులు, మా దగ్గరికి శిక్షణకు వచ్చే విద్యార్థులు అందరూ అయిదు దశల పాఠం అప్పజెబుతారు: నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం. మానసిక వైద్యురాలు కూబ్లర్-రాస్ 1969లో ఆ దశల గురించి రాసింది మృత్యువుకు దగ్గరైన రోగులతో మాట్లాడి. వెనక మిగిలినవాళ్లు ఏ వరుసలో బాధపడాలో అందులో లేదు. ఈ కోడలికి ఇంకా ఏ దశ మిగిలి ఉందని ఒక విద్యార్థిని అడిగింది. ముందు ఆమెకు దుఃఖించే హక్కు ఉందని ఇంట్లో ఎవరైనా అనుకుంటున్నారో లేదో చూడమన్నాను. సమాజం గుర్తించని దుఃఖం గురించి కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1989లో రాశారు. ఆ వర్ణనలో మన కోడళ్లు అచ్చంగా ఇమిడిపోతారు. రక్తసంబంధం లేదు, పైగా గతంలో పడేది కాదు, అలాంటప్పుడు ఆమెకు ఏడుపెందుకు అని ఊరి లెక్క.

యాభై రెండు మాత్రలు

అత్త పోయిన మూడో రోజే ఒక పెద్ద ముత్తయిదువ అందరి ముందూ అడిగిందట: "రాత్రి నాలుగు మాత్రలు ఒకేసారి వేశావటగా?" పెద్ద ఆడపడుచు ఆ మాట పట్టుకుంది. ఆ మందు లేకపోతే అమ్మ శివరాత్రి దాకా ఉండేదని ఏడ్చింది. కోడలు జవాబు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు చాలా ఆలస్యంగా, భర్త కూడా లేనప్పుడు చెప్పింది. ఆ వారంలో ఒకరోజు పుండు కడుగుతూ, "ఇంక త్వరగా పోతే బాగుండు" అని మనసులో అనుకుంది. అనుకున్న రెండో రోజే అత్త పోయింది. అంటే తన చేతిలోని మాత్రలకు తన మనసులోని కోరిక తోడైంది. ఆమె లోపల నాలుగు నెలలుగా నడుస్తున్న విచారణ ఇదే. నేరం, సాక్ష్యం, తీర్పు అన్నీ ఆమే.

ఇలాంటి చోట "నీ తప్పేమీ లేదమ్మా" అనడం చాలా సులువు, దానివల్ల ఉపయోగం చాలా తక్కువ. ఓదార్పు మాటలు ఆమె అప్పటికే విని ఉంది. ఆమెకు కావలసింది లెక్క. మా డాక్టరును వెంటబెట్టుకొని, కేస్ షీట్, మార్ఫిన్ రిజిస్టరు పట్టుకొని వెళ్లాను. జనవరి క్యాలెండర్ కాగితాన్ని ఆమె చించి దాచుకుంది. ముగ్గురం నేల మీద కూర్చున్నాం.

ఆవిడ పోయిన వారంలో, సోమవారం మధ్యాహ్నం నర్సు 120 మాత్రలు ఇచ్చింది. ఆ రోజు సాయంత్రం రెండు, రాత్రి నాలుగు, మొత్తం ఆరు. మంగళవారం నుంచి శనివారం దాకా అయిదు రోజులు, రోజుకు పన్నెండు చొప్పున అరవై. గురువారం గడిలో ఒక సున్నా ఉంది, అదనపు మోతాదు రెండు. మొత్తం 68. మిగలాల్సినవి 52. అయిదో రోజు పరామర్శకు వెళ్లినప్పుడు నర్సు వెనక్కి తీసుకొని రిజిస్టరులో రాసినవి 52. ఆమె ఆ అంకె మీద వేలు పెట్టి మళ్లీ మొదటినుంచి కూడింది. తర్వాత మరోసారి కూడింది.

డాక్టరు చెప్పిన మిగతా సంగతులు ఆ అంకె తర్వాతే ఆమెకు వినబడ్డాయి. రాత్రి నాలుగు మాత్రలు ఆరు వారాలుగా ప్రతి రాత్రీ వేస్తున్నవే, ఆ రాత్రికి కొత్త కాదు. అన్నాళ్లు అదే మోతాదుకు అలవాటుపడిన శరీరం ఒక రాత్రి దానివల్ల ఆగిపోదు. శ్వాసలో ఎడం గురువారమే మొదలైందని, పాదాలు చల్లబడ్డాయని ఆ రోజు కేస్ షీట్‌లో ఉంది. ఆఖరి మోతాదు ఎవరో ఒకరి చేతి మీదుగా పడక తప్పదు. ఆ చేయి ఆ సమయానికి అక్కడ ఉంది కాబట్టి పడింది. మరి కోరిక సంగతి? ఇన్నేళ్లలో రోగిని దగ్గరుండి చూసుకొని, ఒక్కసారైనా అలా అనుకోని మనిషిని నేను చూడలేదని చెప్పాను, అది అక్షరాలా నిజం. ఆమె అప్పుడు ఏడ్చింది, చాలాసేపు.

కమ్మలు

పదకొండో రోజు సాయంత్రం ఆడపడుచులు అమ్మ కమ్మలేవని అడిగారు. ఆమె లోపలికి వెళ్లి తెచ్చి ఇచ్చేసింది. అత్త తనకు ఇచ్చిందని చెబితే నమ్మేదెవరు? మాట పోయిన మనిషి ఇచ్చిందంటే మరీను. అక్కాచెల్లెళ్లు చెరొకటి పంచుకున్నారు. "బంగారం కోసం కాదు మేడమ్, ఆవిడ ఇచ్చిందని ఎవరికైనా తెలిస్తే చాలు" అంది. పదేళ్ల కాపురంలో అత్త తనను మెచ్చుకున్న సందర్భం ఆ ఒక్కటే, దానికి సాక్షి లేదు.

సాక్షి ఉంది. నర్సు రాసిన వాక్యం ఉంది. దాంతో ఏం చేయాలన్నదానిపై మా బృందంలోనే అభిప్రాయభేదం వచ్చింది. బంగారం తగాదాలో వైద్య బృందం తలదూర్చకూడదని డాక్టరు వాదన. ఒకసారి మొదలైతే రేపు పొలం కాగితాలకూ మమ్మల్నే పిలుస్తారన్నారు. నర్సుకు అది పట్టలేదు, తాను కళ్లారా చూసింది. నాకు ఇద్దరి మాటా సబబుగానే అనిపించింది. ఆస్తి విషయంగా మేము ఎవరికీ ఏమీ చెప్పకూడదు. కానీ ఆ వాక్యం రోగి మనస్థితి గురించి రాసినది, కోడలి దుఃఖానికి చికిత్స అందులో ఉంది. ఆమెను అడిగి, ఆమె ఒప్పుకున్నాక, ఆమె ఎదుటే భర్తకు ఒక్కడికే చదివి వినిపించాను. కమ్మలు తిరిగి ఎవరికి చేరాలన్న మాట ఎత్తలేదు.

అతను చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మా అమ్మ నీకు ఇచ్చిందా" అన్నాడు, భార్యతో. ఆ తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకున్నదేమిటో నేను అడగలేదు. మరుసటి వారం అతను చెల్లెలికి, అక్కకు తనంతట తానే చెప్పాడు. చెల్లెలు విశాఖ నుంచి వచ్చి తన దగ్గరున్న కమ్మ వదిన చేతిలో పెట్టి వెళ్లింది. అక్క మండిపడింది. ఆసుపత్రివాళ్లతో రాయించుకొచ్చావని తమ్ముడిని తిట్టింది, ఇప్పటికీ ఆ ఇంటి గడప తొక్కడం లేదు. ఒంటి కమ్మను కరిగించి కూతురికి చిన్న దిద్దులు చేయిస్తానని కోడలు అంటోంది.

పిల్ల గురించి రెండు మాటలు. నాయనమ్మ ఊరెళ్లిందని ఆమెకు చెప్పారు. పదకొండో రోజున తండ్రి సంచి సర్దుకొని ఊరెళ్తున్నానంటే పిల్ల గుమ్మానికి అడ్డంగా పడి కేకలు పెట్టిందట, ఎవరికీ అర్థం కాలేదు. ఊరెళ్లినవాళ్లు తిరిగి రారని ఆమె నేర్చుకున్న పాఠం. తల్లి చేతే చెప్పించాం: నాయనమ్మ చనిపోయింది, శరీరం పనిచేయడం ఆగిపోయింది, తిరిగి రాదు. నాన్న మాత్రం వస్తాడు. ఆ జబ్బు ముట్టుకుంటే అంటుకోదని, నువ్వు చేసిన దేనివల్లా రాలేదని కూడా. పిల్ల అడిగింది ఒక్కటే, నాయనమ్మకు ఇప్పుడు నొప్పి ఉందా అని.

ఆ తర్వాత

దుఃఖంలో ఉన్న మనిషి కొంతసేపు పోయినవారి వైపు, కొంతసేపు బతుకు వైపు ఊగుతుంటాడని స్ట్రోబ్, షూట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో ప్రతిపాదించారు. నేను పనిలో ఎక్కువగా నమ్ముకునేది దీన్నే, ఎందుకంటే ఇది ఎవరినీ ఎక్కడికీ చేరుకోమని తొందరపెట్టదు. రాత్రి మెలకువ వస్తే పోరాడవద్దని, లేచి నీళ్లు తాగి, అరుగు మీద కాసేపు కూర్చొని రమ్మని చెప్పాను. పగలు ఆమె ఎండుచేపల పనికి వెళ్లడం మొదలుపెట్టింది. గ్లాసు చప్పుడు జులై నాటికి అప్పుడప్పుడూ మాత్రమే వినిపించేది. వినిపించినా భయం లేదంది. వాసన మాత్రం ఇంకా వస్తుంది. నెల తర్వాత చూసిన మానసిక వైద్యురాలు అప్పుడూ మందులు రాయలేదు. ఏడాది పూర్తయ్యేదాకా చూస్తూ ఉండాలని అనుకున్నాం, చూశాం. ఆబ్దికం రోజున వంట ఆమె ఒక్కతే చేయలేదు. భర్త వదినె వరస ఆవిడను సాయానికి పిలిచి, భార్యను తనతో పాటు పీటల దగ్గర కూర్చోబెట్టాడు. ఇది మేము చెప్పి చేయించింది కాదు.

ఈ కేసు తర్వాత మా కేస్ షీట్‌లో ఒక గడి చేర్చాం. రోగికి వారసులెవరన్నది ముందునుంచీ ఉంది. రోజూ దగ్గరుండి చేసేది ఎవరన్నది ఇప్పుడు విడిగా రాస్తున్నాం. రోగి పోయాక మొదటి పరామర్శలో ఆ మనిషితో పక్కకు వెళ్లి మాట్లాడటం, మిగిలిన మాత్రల లెక్క ఆ మనిషి ముందే పెట్టి, సరిపోయిందని చదివి వినిపించడం నర్సు పనుల్లో చేర్చాం. రిజిస్టరులో ఎలాగూ రాయాల్సిందే, బిగ్గరగా చదవడానికి అదనంగా రెండు నిమిషాలు.

మరో పని ఇంకా మిగిలి ఉంది. కూతుళ్లిద్దరికీ తల్లి అలవాటు వచ్చింది, ఇద్దరూ అడ్డపొగ తాగుతారు. చిన్నామెను విశాఖలో దంతవైద్యులు చూశారు. అంగిలి తెల్లబడి, మధ్యలో ఎర్రటి చుక్కలున్నాయి. ముక్క పరీక్షలో క్యాన్సర్ లేదు. చుట్ట మానేసి ఆరు నెలలకోసారి చూపించుకోమన్నారు, మానేశానని చెబుతోంది. పెద్దామె మేము పిలిచినా రాలేదు. కోడలిని పంపి బతిమాలిస్తే రావచ్చని ఆశా కార్యకర్త అంటోంది. ఆ ఇంట్లో ఇంకో రోగిని పరీక్షకు తీసుకురావడం కూడా ఆమె వంతే కావాలని నాకు అనిపించడం లేదు. వచ్చే వారం నర్సు, నేను వెళ్తున్నాం.